చంద్రబింబ ముఖము

మన ప్రబంధకవులు నాయిక ముఖమును చంద్రబింబముతో పోల్చిరి. వైద్యులు కూడ ఆ పోలికనే తీసికొనిరి గాని, వారి నోట అది ప్రశంస కాదు. ప్రెడ్నిసొలోన్ మొదలైన స్టెరాయిడ్ మందులను కొన్ని వారములు పుచ్చుకొనిన రోగికి చెక్కిళ్ళు ఉబ్బి ముఖము గుండ్రనగును; మెడ వెనుక క్రొవ్వు గూడు కట్టును; పొట్ట ముందుకు వచ్చును; చేతులు, తొడలు మాత్రము సన్నబడును. ఆ రూపమునకే చంద్రబింబ ముఖమని వైద్యులు పేరు పెట్టిరి. అద్దములో కనబడిన ముఖము తనది కాదని దుఃఖించి, ఎవరికిని చెప్పకుండ మాత్రలు మానివేసిన వారిని నేనెరుగుదును. వారిలో కొందరికి పాతరోగము తిరుగబెట్టినది. కొందరిని స్పృహలేని స్థితిలో ఆస్పత్రికి తీసికొని రావలసి వచ్చినది. మందు మానకుండనే బరువును అదుపులో నుంచుకొనుట ఎట్లో శ్రోతలకు మనవి చేయుట నా ఉద్దేశము.

మొదట ఒక అపోహ. కండలు పెంచుకొనుటకై కొందరు క్రీడాకారులు చాటుగ వాడునవి కూడ స్టెరాయిడ్లే యనుట నిజమే. కాని అవి వేరు జాతి. మనము మాటలాడుకొనునది కార్టికోస్టెరాయిడ్లను గూర్చి. మన మూత్రపిండముల శిరస్సున టోపీలవలె రెండు చిన్న గ్రంథులు కలవు. వానికి ఎడ్రినల్ గ్రంథులని పేరు. అవి ప్రతిదినము సుమారు 10 నుండి 20 మిల్లిగ్రాముల కార్టిసాల్ అను హార్మోనును రక్తములోనికి విడుచుచుండును. తెల్లవారుజామున ఎక్కువగను, అర్ధరాత్రి వేళ అతి తక్కువగను విడుచుట వాని అలవాటు. మందు మాత్ర ఈ కార్టిసాలునకు దాయాది. 5 మిల్లిగ్రాముల ప్రెడ్నిసొలోన్ సుమారు 20 మిల్లిగ్రాముల కార్టిసాలునకు సమానము. అనగా దినమునకు 40 మిల్లిగ్రాముల ప్రెడ్నిసొలోన్ మ్రింగు రోగి, శరీరము తనంతట తాను తయారుచేసికొను దానికి ఎనిమిది రెట్లో అంతకు మించియో హార్మోనును లోపలికి పంపుచున్నాడన్నమాట. ఇక డెక్సామెథసోన్ విషయమున మిల్లిగ్రాముల అంకె చూచి మోసపోరాదు. దానిలో ముప్పాతిక మిల్లిగ్రాము 5 మిల్లిగ్రాముల ప్రెడ్నిసొలోన్ చేయు పని చేయును.

ఈ మందు రాకమునుపు లోకమెట్లుండెనో నేటివారికి తెలియదు. 1948 సెప్టెంబరు 21 న, అమెరికాలోని రోచెస్టరు నగరమున మేయో క్లినిక్ నందు, ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు కీళ్ళవాతముతో అడుగు తీసి అడుగు వేయలేని ఒక యువతికి మొట్టమొదటిసారిగ కార్టిసోన్ సూదిమందు ఇప్పించెను. కొలది దినములలోనే ఆమె లేచి నడచినది. 1950 లో, హెంచ్, కెండాల్, రైక్‌స్టైన్ అను మువ్వురకు నోబెల్ బహుమానము లభించెను. కాని ఆ సంతోషముతోపాటే చిక్కులు కూడ బయటపడినవి. మందు పుచ్చుకొనిన వారి ముఖములు గుండ్రనైనవి, బరువు పెరిగినది. అది వైద్యులకు బొత్తిగ క్రొత్త రూపము కాదు. ఎడ్రినల్ గ్రంథులు హద్దుమీరి పనిచేసినపుడు శరీరము అట్లే మారును; ఆ రూపమును హార్వే కుషింగ్ అను శస్త్రవైద్యుడు 1912 లోనే వర్ణించి, 1932 లో విపులముగ ప్రకటించి యుండెను. ప్రకృతి అరుదుగ చేయు పనిని మాత్ర తరచుగ చేయ నారంభించెను, అంతే భేదము. 1955 ప్రాంతమున వచ్చిన ప్రెడ్నిసొలోన్ ఉప్పును, నీటిని నిలుపుట కొంత తగ్గించినది గాని, ఆకలిని, క్రొవ్వును తగ్గింపలేదు.

మన తెలుగునాట ఈ మందు పేరు ఇంటింటికి తెలిసినది 2020, 2021 సంవత్సరములలో. ప్రాణవాయువు అవసరమైన కోవిడ్ రోగులకు దినమునకు 6 మిల్లిగ్రాముల డెక్సామెథసోన్, పది దినములకు మించకుండ ఇచ్చినచో మరణములు తగ్గునని 2020 జూనులో ఇంగ్లండునందలి పరిశోధకులు నిరూపించిరి. ఆ మరుసటి యేడు అవసరములేని వారును, అవసరమునకు మించియు వాడి, రక్తములో చక్కెర పెరిగి, నల్ల ఫంగసు వ్యాధి పాలైన వారిని కూడ చూచితిమి. ప్రాణము నిలుపునదియు అదే, ప్రాణము మీదికి తెచ్చునదియు అదే.

బరువు పెరుగుట యనగానే అందరు ఒకటే అనుకొందురు. నిజమునకు మూడు పనులు ఏకకాలమున జరుగును. మొదటిది ఉప్పు, నీరు నిలిచిపోవుట. ఇది దినములలోనే తెలియును. ఉంగరము బిగుసుకొనును, చెప్పు పట్టదు, చీలమండపై వ్రేలితో నొక్కిన గుంట పడును. రెండవది ఆకలి. మూడవది, శరీరములోని సంపద చోటు మారుట. కండలలోని మాంసకృత్తులను కరగించి చక్కెరగ మార్చుట ఈ హార్మోను స్వభావము. ఆ చక్కెరను వాడుకొనుటకు కావలసిన ఇన్సులిన్ మాట కణములు సరిగ వినవు. కాళ్ళు, చేతులవద్ద తరుగుచుండగా, ముఖమునందు, మెడ వెనుక, కడుపునందు క్రొవ్వు పేరుకొనును. అందుచేతనే త్రాసుముల్లు కదలకున్నను రూపము మారవచ్చును. వీనిలో మూడవదానిని పూర్తిగ ఆపుట మన చేతిలో లేదు. మొదటిదియు, రెండవదియు చాలవరకు మన చేతిలోనివే.

ఆకలిని గూర్చి కొంత విస్తరించి చెప్పవలెను. ఈ ఆకలి కడుపులో పుట్టినది కాదు. మెదడులో ఆకలిని శాసించు కేంద్రమును మందు రేపుటవలన పుట్టినది. కడుపునిండ తిని చేయి కడిగికొనిన గంటకే మరల ఏదో కావలెననిపించును. రాత్రి రెండు గంటలకు లేచి వంటయింటిలో డబ్బాలు వెదకుదురు. తరువాత సిగ్గుపడుదురు. ఇది తిండిపోతుతనము కాదనియు, మందు ఆడించు ఆటయనియు రోగికిని, అంతకంటె ముఖ్యముగ ఇంటివారికిని తెలిసియుండవలెను. భర్తయో అత్తగారో ఒక ఎత్తిపొడుపు మాట అన్నందుకే మాత్రలు పారవేసిన ఇల్లాండ్రు కలరు. ఆకలి మందుదని తెలిసినపుడు దానితో బేరమాడవచ్చును. అది అడిగినపుడెల్ల పెట్టనక్కర లేదు. బొత్తిగ లేదనను అక్కర లేదు. అడిగినపుడు ఏమి పెట్టుదుమన్నదే ప్రశ్న.

ఇక్కడ చిన్న లెక్క. ఒక కప్పు అన్నములో సుమారు 200 కేలరీల శక్తి కలదు. ఒక పెద్ద చెంచాడు నూనెలో 120. దినమునకొక కప్పు అన్నము, దానితోపాటు కొంచెము వేపుడు అదనముగ చేరినచో 300 కేలరీలగును. శరీరములో ఒక కిలో క్రొవ్వు నిలువ చేయుటకు సుమారు 7,700 కేలరీలు చాలును. అదనపు 300 నెల దినములలో 9,000 అగును గదా. నెలకొక కిలో పైమాట! శరీరము షావుకారువలె ఇంత నిక్కచ్చిగ పద్దు వ్రాయదు గాని, ఆరు నెలలలో ఏడెనిమిది కిలోలు ఎక్కడనుండి వచ్చినవని ఆశ్చర్యపడువారికి ఈ లెక్క సమాధానము చెప్పును. రాత్రి అన్నము మానితినని ఘనముగ చెప్పుకొని, దానికి బదులు నూనె కారు పెసరట్లు నాలుగు పుచ్చుకొను పెద్దమనిషి నాకు తెలియును. ఆయన లెక్కలో అది పథ్యము.

అన్నము మానుమని నేను చెప్పను. మానలేరు, మానినను నాలుగు నాళ్ళ ముచ్చటయగును. విస్తరిలో క్రమము మార్చిన చాలును. మన ఇండ్లలో అన్నము కొండంత, కూర గోరంత. దానిని తారుమారు చేయవలెను. బీర, సొర, పొట్ల, దోస వంటి నీటికాయలు, తోటకూర, పాలకూర, బచ్చలి వంటి ఆకుకూరలు కడుపు నింపును గాని కేలరీలు చేర్చవు. మొదట కూరయు, పప్పును తిని, తరువాత అన్నము కలుపుకొనినచో ఆ అన్నము తక్కువతో తృప్తి కలుగును. గంట గంటకు వచ్చు ఆకలికి వెన్న తీసిన పలుచని మజ్జిగ, కీరదోసకాయ ముక్కలు, ఉడికించిన సెనగలు, జామకాయ సిద్ధముగ నుంచుకొనవలెను. సిద్ధముగ అను మాట ముఖ్యము. అర్ధరాత్రి ఆకలి వేసినవాడు కీరదోసకాయ తరుగుకొని కూర్చుండడు. చేతికందిన జంతికలనే తినును. కనుక జంతికల డబ్బా ఇంటిలో లేకుండుటయే మేలు.

కండలు కరగుచున్నవని పైన చెప్పితిని. కరగినదానిని పూడ్చుటకు మాంసకృత్తులు కావలెను. ఒక కోడిగ్రుడ్డులో సుమారు 6 గ్రాములు కలవు. పప్పులలో నూరు గ్రాములకు ఇరువది గ్రాములకు పైగానే ఉండును. చేపలు, పెరుగు, పెసలు, సెనగలు ప్రతి పూటయు ఏదో యొకటి ఉండవలెను. మూత్రపిండములు దెబ్బతినిన వారు మాత్రము ఎంత తినవలెనో తమ వైద్యుని అడిగి తెలిసికొనవలెను. ఎముకలు బోలుపడుట కూడ ఈ మందు చేయు అపకారములలో నొకటి కనుక కాల్షియము, డి విటమిను అవసరము. రాగులలో నూరు గ్రాములకు 300 మిల్లిగ్రాములకు పైగా కాల్షియము కలదు. చక్కెర కలిపిన రాగిమాల్టుకంటె మజ్జిగ కలిపిన రాగి అంబలి శ్రేష్ఠము. మన తాతలు త్రాగినది అదే.

ఉప్పు సంగతి తెలుగువారితో మాటలాడుట కష్టమని ఒప్పుకొందును. పెద్దవారికి దినమునకు 5 గ్రాములకు లోపుగ, అనగా ఒక చిన్న చెంచాకు మించకుండ ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ఆవకాయ, మాగాయ, గోంగూరపచ్చడి, అప్పడము, వడియము, చల్లమిరపకాయ, ఎండుచేప — ఇవన్నియు ఉప్పులో పుట్టి ఉప్పులో పెరిగినవే. కూరలో ఉప్పు తగ్గించి, ప్రక్కన ఊరగాయ బద్ద రెండు వేసికొనిన లాభమేమి? స్టెరాయిడు వాడుచున్నంతకాలము ఊరగాయను పండుగనాటి వస్తువుగ చూచుకొనవలెను. చప్పిడితనము పోవుటకు నిమ్మరసము, చింతపండు, మిరియము, జీలకర్ర, అల్లము, కొత్తిమీర ఉండనే ఉన్నవి. పదునైదు దినములు ఓర్చుకొనినచో నాలుక దారికి వచ్చును. బజారులో ఉప్పునకు బదులుగ అమ్ము పొటాషియము ఉప్పు మంచిదే గదా యని మూత్రపిండముల రోగులును, గుండెజబ్బునకు, రక్తపోటునకు కొన్ని మందులు వాడువారును స్వంతముగ ఆరంభింపరాదు. అది గుండెలయకు ప్రమాదము. నీరు పట్టినదని ఎవరో చెప్పగా మూత్రము జారీ యగు బిళ్ళలు కొనుక్కొనుట కూడ అటువంటి సాహసమే.

ఇంత చెప్పి పిల్లలను గూర్చి చెప్పకున్న తప్పగును. నెఫ్రోటిక్ సిండ్రోమ్ అను మూత్రపిండముల వ్యాధిలో పిల్లలకు ప్రెడ్నిసొలోన్ మొదట ప్రతిదినము కొన్ని వారములు, తరువాత దినము విడిచి దినము కొన్ని వారములు ఇత్తురు. దినము విడిచి దినము ఇచ్చుటలో బిడ్డ ఎదుగుదల చెడకుండ చూచుట ఒక ఉద్దేశము. ఒకమారు అయిదేండ్ల బాలుని అతని నాయనమ్మ ఎత్తుకొని వచ్చెను. “మందు మంచిదే నాయనా! చూడు, నా మనుమడు ఎంత బొద్దుగా అయినాడో. ఇంతకుముందు ముద్ద ముట్టేవాడు కాదు, ఇప్పుడు అడిగి అడిగి తింటున్నాడు” అని ఆమె సంతోషము. పసివాడు రెండు నెలలలో నాలుగు కిలోలు పెరిగియుండెను. రక్తపోటు కూడ వయస్సునకు మించి యున్నది. ఆ సంతోషమును చెరచుటకు నాకు నోరు రాలేదు. బిడ్డ బొద్దుగా ఉండుట మన కండ్లకు ఆరోగ్యముగనే కనబడును గదా. చివరకు వాని తల్లిని ప్రక్కకు పిలిచి, “అమ్మా, ఇది కండ కాదు. వాడు అడిగినప్పుడు పెట్టవద్దనను. బిస్కట్టుకు బదులు గ్రుడ్డు, మిక్చరుకు బదులు జామకాయ పెట్టండి. ఇంటిల్లిపాదియు అదే తినండి. వాడొక్కనికే పథ్యమంటే వాడు ఊరుకోడు” అంటిని. ఆ ఇంటిలో నెలరోజులు అప్పడము వేగలేదట. మందు దినము విడిచి దినమునకు మారి, మోతాదు తగ్గినకొద్ది వాని ముఖము వానికి తిరిగి వచ్చినది. మనుమడు చిక్కిపోయినాడని నాయనమ్మ నామీద కొంతకాలము కోపగించెను.

శరీరశ్రమ మాట. తొడకండరములు బలహీనమగుట ఈ మందు గుర్తులలో నొకటి. పీటమీదనుండి చేయి ఊతలేక లేవలేకపోవుట, మెట్లెక్కునపుడు కమ్మీ పట్టుకొనుట దాని లక్షణములు. నడక మంచిదే, దినమునకు అరగంట నడువవలెను. కాని నడక యొక్కటియే చాలదు. కుర్చీలోనుండి చేతులు కట్టుకొని లేచుట, కూర్చుండుట, అట్లు పదిసార్లు, ఉదయము సాయంత్రము చేసినచో తొడలకు ఆ పని చాలును. ఎముకలు బోలుపడిన వృద్ధులు నడుము వంచి బరువులెత్తరాదు.

త్రాసును మిత్రునిగ చూచుకొనుడు. వారమునకొకసారి, ఒకే దినమున, ఉదయము కాలకృత్యములు తీర్చుకొని, ఏమియు తినకముందు తూచుకొని కాగితముమీద వ్రాసికొనవలెను. నడుము చుట్టుకొలత నెలకొకసారి చాలును. రెండు మూడు దినములలోనే రెండు కిలోలు పెరిగినచో అది క్రొవ్వు కాదు, నీరు. కాళ్ళవాపో ఆయాసమో తోడైనచో ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను. గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు ఉన్నవారు ప్రతిదినము తూచుకొనుట మంచిది. చక్కెర పరీక్షలో ఒక మెలకువ కలదు. ఉదయము మాత్ర వేసికొనువారికి పరగడుపున చక్కెర సరిగనే యుండి, మధ్యాహ్న భోజనము తరువాత, సాయంకాలము పెరుగుచుండును. పరగడుపు పరీక్ష యొక్కటియే చేయించుకొని ధైర్యము చెప్పుకొనరాదు.

మందు విషయమున రోగి చేయగలిగినది తక్కువే యైనను కొంత కలదు. దినమంతటి మోతాదును వైద్యుడు ఒకేసారి వేసికొమ్మనినచో, ఉదయపు ఫలహారము తరువాత వేసికొనవలెను. అది శరీరపు సహజ క్రమమునకు దగ్గర, నిద్రయు చెడదు. నిద్ర చెడనిచో అర్ధరాత్రి డబ్బాల వెదకులాటయు తగ్గును. మోతాదు తగ్గింపవచ్చునా, బదులు వేరే మందు చేర్పవచ్చునా యని ప్రతిసారి అడుగుట రోగి హక్కు. కీళ్ళవాతములో దినమునకు 7.5 మిల్లిగ్రాములకు మించని మోతాదును రెండేండ్లు వాడినవారిలో, మందు అసలు లేనివారికంటె అధికముగ పెరిగిన బరువు సగటున ఒక కిలో మాత్రమేయని తేలినది. కనుక చిన్న మోతాదునకు పెద్ద భయము వలదు. ఉబ్బసమునకు పీల్చు మందులో ఉండు స్టెరాయిడు సాధారణ మోతాదులో బరువు పెంచునది కాదు. ఆ భయముతో పీల్చుట మాని, ఆయాసము ముదిరిన పిమ్మట మాత్రలకు, సూదులకు వచ్చువారు తమ భయమునే కొని తెచ్చుకొనుచున్నారు.

మరియొకటి చెప్పుటకు మనస్సొప్పకున్నను చెప్పవలెను. కీళ్ళనొప్పులకు, ఆయాసమునకు పొట్లములు కట్టి అమ్ము పేరులేని పొడులలో స్టెరాయిడు కలిపి యుండుట పలుమారులు పరీక్షలలో బయటపడినది. సన్నగనున్న పిల్లలకు ఒడలు వచ్చునని దుకాణములలో డెక్సామెథసోన్ అడిగి కొనువారును కలరు. ఇతరులు తగ్గించుకొన యత్నించు రోగమును వీరు వెలపెట్టి కొనుచున్నారు. పొడి మొదలుపెట్టగానే నొప్పి చేతితో తీసినట్లు పోయి, ఆకలి పెరిగి, ముఖము గుండ్రనగుచున్నచో ఆ పొట్లములోనున్నది ఏమో ఊహింపవచ్చును. అట్టివారు కూడ దానిని ఉన్నపాటున పారవేయక, ఆ పొట్లముతోనే వైద్యుని వద్దకు పోవలెను.

కారణమిది. బయటినుండి హార్మోను ధారాళముగ వచ్చుచుండగా ఎడ్రినల్ గ్రంథులు పని మాని నిద్రపోవును. మూడు నాలుగు వారములకు మించి మందు వాడినవానిలో అవి వెంటనే మేలుకొనవు. కొందరికి నెలలు పట్టును. ఈలోగా మాత్ర హఠాత్తుగ ఆపినచో రక్తపోటు పడిపోవును, వాంతులగును, స్పృహ తప్పును, ప్రాణమునకే ముప్పు కలుగును. అందుచే వైద్యుడు మెట్టు మెట్టుగ దింపును. చివరి మెట్లు మరీ నెమ్మదిగ దింపును. ఉపవాస దినములలో అన్నము మానినను మాత్ర మానరాదు; మధుమేహము కూడ ఉన్నవారు ఉపవాసమునకు ముందు వైద్యునితో సంప్రదింపవలెను. స్టెరాయిడు వాడుచున్నట్లు వ్రాసిన చీటి నొకదానిని ఎల్లప్పుడు జేబులోనో, కొంగున కట్టుకొను సంచిలోనో ఉంచుకొనుడు. జ్వరము గట్టిగ వచ్చిననాడు, శస్త్రచికిత్స జరుగునాడు మోతాదు పెంచవలసియుండును. వాంతులై మాత్ర కడుపులో నిలువనినాడు ఇంటిలో ఉండక, ఆ చీటి పట్టుకొని దగ్గరనున్న ఆస్పత్రికి పోవలెను. ఆ దినమున మందు సూది ద్వారానే అందవలెను.